మాస్టారి అంబాసిడర్‌లో కాలిన తీగ

(సంఘం స్వర్ణోత్సవ సభలో రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)

 

నిన్న ఈ మైకు ముందు డాక్టర్లు మాట్లాడారు, ఇంజనీర్లు మాట్లాడారు, ఒక రిటైర్డ్ జడ్జిగారు కూడా మాట్లాడారు. నేను ఆటో ఎలక్ట్రీషియన్ని. 1979లో ఈ బడిలో పదో తరగతి పాసై, ఇంట్లో పరిస్థితి బాగాలేక విజయవాడ ఆటోనగర్‌లో పనికి చేరాను. అప్పట్నించి ఇప్పటిదాకా వైర్లే నా బతుకు. ప్రసంగం చేయడం ఇదే మొదటిసారి. కార్యదర్శిగారు ఫోన్ చేసి, "గేటు దగ్గర నిలబెట్టే మాస్టారి కారు సంగతి చెప్పు, అంతకంటే ఏమీ వద్దు" అన్నారు కాబట్టి ధైర్యం చేశాను.

లోపలికి వస్తూ మీరంతా ఆ కారు చూసే ఉంటారు. మన భౌతికశాస్త్రం మాస్టారి అంబాసిడర్ అది. 1966 మోడల్, మార్క్ 2. మాస్టారు దాన్ని 1977లో ఒక కాంట్రాక్టరు దగ్గర పాతది కొన్నారు. మా బ్యాచ్ వాళ్లలో దాన్ని తోయనివాళ్లు లేరు. చలికాలం పొద్దున సెల్ఫ్ అందుకునేది కాదు. "తొమ్మిదో తరగతి, బయటికి రండిరా" అని కేక వినపడితే లెక్కల క్లాసు తప్పిందని సంతోషించేవాళ్లం.

తెలియని పిల్లల కోసం ఒక మాట. అంబాసిడర్ అంటే ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు మూడో సిరీస్. దాన్ని హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు బెంగాల్లో ఉత్తరపారా ఫ్యాక్టరీలో తయారు చేశారు. 2014 దాకా చేశారు. పై రేకు ఎన్నిసార్లు మార్చినా, ఆ పాత బండ్లలో లోపలి వైరింగ్ ఇంగ్లీషువాడు వేసిన పద్ధతిలోదే. ఆ పద్ధతి తెలిస్తే ఆ కారు తెరిచిన పుస్తకం లాంటిది.

రెండేళ్ల క్రితం ఒక సాయంత్రం మాస్టారు ఫోన్ చేశారు. "ఒరేయ్, బండిలో పొగ వచ్చింది. మావాడు అమెరికా నుంచి తుక్కుకి అమ్మేయమంటున్నాడు. నువ్వు ఒకసారి చూసి చెప్పు. అమ్మేయమంటే అమ్మేస్తాను."

మర్నాడే వెళ్లాను. మాస్టారికి అప్పటికే ఎనభై దాటాయి. ఆయన షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చుని, క్లాసులో ప్రయోగం చెప్పినట్టే జరిగింది వరసగా చెప్పారు. చిన్న తూర పడుతోంది. వైపర్ వేసుకుని వస్తున్నారు. ఉన్నట్టుండి ఆంపియర్ మీటర్ ముల్లు మైనస్ వైపు చివరకంటా పడిపోయింది. డాష్‌బోర్డు కింద నుంచి పొగ. ఆ వెంటనే హీట్ మీటర్ ముల్లు గబగబా హెచ్ గుర్తుకి పోయింది. వెంటనే కీ ఆపేశారు. పొగ ఆగింది.

అంతకుముందే ఒక మెకానిక్ వచ్చి చూసి, హీట్ మీటర్ సంగతి విని, ఇంజన్ వేడెక్కి వైర్లు కాల్చేసింది, ఇంజన్ దించాలి అన్నాడట. మాస్టారు నవ్వారు. "రేడియేటర్ నిండా నీళ్లున్నాయి. నీటి విశిష్టోష్ణం ఎంతో తెలుసుగా? ఒక్క క్షణంలో అన్ని నీళ్లు మరుగుతాయా? ముల్లు అబద్ధం చెప్పిందిరా."

ముల్లు అబద్ధం చెప్పలేదు కానీ, వేరే మాట చెప్పింది. ఆ హీట్ మీటర్ నుంచి ఇంజన్ దగ్గరి సెన్సర్‌కి ఒక వైరు వెళ్తుంది. ఇంజన్ వేడెక్కే కొద్దీ సెన్సర్ నిరోధం తగ్గుతుంది, మీటర్‌లో కరెంటు పెరుగుతుంది, ముల్లు పైకి పోతుంది. ఆ వైరు పైతొడుగు కరిగి బాడీకి తగిలితే నిరోధం ఇక లేనట్టే. ముల్లు గబగబా హెచ్‌కి పోతుంది. అదే వైరు తెగిపోతే ముల్లు సి దగ్గర చచ్చినట్టు పడి ఉంటుంది. కాబట్టి ముల్లు మెల్లగా పెరిగితే ఇంజన్ని చూడాలి, ఎగిరి కూర్చుంటే వైరుని చూడాలి.

మాస్టారు చెప్పిన దాంట్లో రెండో ఆధారం కూడా ఉంది. కీ ఆపగానే పొగ ఆగింది. అంటే షార్ట్ అయింది కీ దాటిన తర్వాతి వైరు. కీ ఆపినా పొగ వస్తూనే ఉంటే, కీతో పని లేకుండా బ్యాటరీ నుంచి కరెంటు వచ్చే వైరులో దోషం. అప్పుడు బ్యాటరీ వైరు పీకడం తప్ప దారి లేదు. మీ ఎవరి బండిలోనైనా పొగ వస్తే ముందు కీ ఆపండి, దిగండి, లోపల ఉన్నవాళ్లని దించండి. చూడటం తర్వాత.

నేను చేసిన మొదటి పని బ్యాటరీ విప్పడం. బాడీకి వెళ్లే ఎర్త్ వైరు ముందు విప్పాలి. రెండోది ముందు విప్పుతూ స్పానర్ బాడీకి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. ఎర్త్ ముందే తీసేస్తే ఆ భయం లేదు. బిగించేటప్పుడు ఎర్త్ చివర. ఇంకోటి, ఆ కాలపు ఇంగ్లీషు పద్ధతి కార్లలో కొన్నిటికి ప్లస్సే ఎర్త్. ఇవాళ్టి కారు లాగే ఉంటుందనుకుని బ్యాటరీ తగిలించకూడదు, చూసుకోవాలి.

రెండో పని, ఏ పనీ చేయకుండా కూర్చోవడం. కాలిన వైరు కనపడగానే కోసేసి కొత్తది అతికేయాలని చెయ్యి లాగుతుంది. అలా కోస్తే సాక్ష్యం పోతుంది. ఒక కాగితం తీసుకుని ఏ రంగు వైరు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోందో గీసుకున్నాను.

పాత లూకాస్ పద్ధతిలో రంగులకు అర్థం ఉంది. బ్రౌన్ అంటే బ్యాటరీ నుంచి సూటిగా వచ్చేది, దానికి ఫ్యూజు ఉండదు. తెలుపు అంటే కీ ఆన్ చేస్తే వచ్చేది. ఆకుపచ్చ అంటే కీ దాటి ఫ్యూజు కూడా దాటి వచ్చేది. వైపర్, బ్రేక్ లైటు, ఇండికేటర్, మీటర్లు అన్నీ దాని మీదే. ఊదా అంటే కీతో పని లేకుండా ఫ్యూజు దాటి వచ్చేది, హారన్ లాంటి వాటికి. నీలం హెడ్‌లైట్లకి, ఎరుపు పార్కింగు లైట్లకి. నలుపు ఎర్త్. పచ్చ మీద నలుపు గీత ఉంటే పెట్రోల్ ట్యాంకు ఫ్లోట్‌కి, పచ్చ మీద నీలం గీత ఉంటే హీట్ సెన్సర్‌కి. కారు మొత్తానికి ఫ్యూజులు రెండే. ఒకటి ఊదాకి, ఒకటి పచ్చకి.

ఇక కాలిన దారి. ఇక్కడ మాస్టారు చెప్పిన పాఠమే పనికొచ్చింది. కరెంటు బ్యాటరీ దగ్గర బయల్దేరి, బాడీకి తగిలిన చోట దిగిపోతుంది. ఆ చోటు దాటి ముందుకు పోదు. కాబట్టి వైరు ఎంతవరకు కాలిందో అంతవరకే కరెంటు పోయింది. ఎక్కడ కాలడం ఆగిందో అక్కడే షార్ట్. కాలిన చోట వెతకడం కాదు, కాలడం ఆగిన చోట వెతకాలి. నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకి నేను మొట్టమొదట చెప్పే మాట ఇదే.

ఆకుపచ్చ వైరు ఫ్యూజు బాక్సు దగ్గర నుంచే నల్లగా ఉంది. ఇంజన్ వైపు నుంచి రేకులో ఉన్న రంధ్రంలోంచి లోపలికి వచ్చి, స్టీరింగ్ రాడ్డుని పట్టే బ్రాకెట్ దాకా బొగ్గయింది. ఆ బ్రాకెట్ అంచు దాటాక, ఒక్క అంగుళం దూరంలో అదే వైరు తళతళలాడే ఆకుపచ్చ. పైన వైర్ల కట్టని పట్టుకునే క్లిప్పు ఎప్పుడో ఊడిపోయింది. కట్ట జారి ఆ అంచు మీద వాలింది. బండి అదురుకి యాభై ఏళ్ల పాత తొడుగు అరిగి అరిగి, ఆ రోజు రాగి రేకుకి తగిలింది. కట్టలో పక్కనే ఉన్న హీట్ సెన్సర్ వైరు ఆ వేడికి కరిగి అది కూడా బాడీకి అతుక్కుంది. మాస్టారు చూసిన ముల్లు ఎగరడం అదీ.

దోషం దొరికింది. కానీ నాకు ఒకటి అర్థం కాలేదు. పచ్చ వైరుకి ఫ్యూజు ఉందిగా? తగిలిన క్షణంలో ఫ్యూజు పోవాలి, వైపర్ ఆగాలి, అంతటితో అయిపోవాలి. వైరు ఎందుకు కాలింది?

ఫ్యూజు బాక్సు మూత తీశాను. ఒక గాజు ఫ్యూజు బాగానే ఉంది. రెండో దాని చోట ఫ్యూజు లేదు. ఇంటి వైరింగ్‌లో వాడే రాగి తీగ రెండు క్లిప్పుల మధ్య మెలేసి ఉంది. చివర్లు రెండుసార్లు తిప్పి లోపలికి మడిచి ఉన్నాయి.

ఆ మడత చూడగానే నా చేతులు చల్లబడ్డాయి. అలా లోపలికి మడవడం నాకు మా గురువు ఆటోనగర్‌లో నేర్పింది. ఆ చుట్టుపక్కల మాస్టారి బండి ముట్టుకున్నవాణ్ని నేనొక్కణ్నే.

అప్పుడు గుర్తొచ్చింది. 1988 వానాకాలం. అమ్మగారికి జ్వరం తీవ్రంగా ఉంది. రాత్రిపూట ఆసుపత్రికి తీసుకెళ్తుంటే నా షాపు ముందు బండి ఆపారు. వైపర్ మోటారు బిగుసుకుపోయి ఫ్యూజు కొట్టేసింది. నా దగ్గర ఫ్యూజు లేదు. మోటారుని చేత్తో వదులు చేసి, ఫ్యూజు స్థానంలో తీగ మెలేసి, "ఇప్పటికి వెళ్లండి మాస్టారూ, రేపు ఫ్యూజు వేస్తాను" అన్నాను. ఆ వారంలో మోటారు బుష్ మార్చాను కూడా. బండి బాగా నడుస్తోంది కదా, తీగ సంగతి మర్చిపోయాను. ముప్పై ఏళ్లకు పైగా మాస్టారు, అమ్మగారు, మనవళ్లు ఆ తీగ మీద తిరిగారు.

తప్పు ఎంతదో లెక్కతో చెప్తాను, ఇది ఆయన నేర్పిన లెక్కే. 12 వోల్టులు. షార్ట్ అయిన దారి మొత్తం నిరోధం 0.1 ఓమ్ అనుకుందాం. కరెంటు 120 ఆంపియర్లు. ఆ పచ్చ వైరు మందం 1 చదరపు మిల్లీమీటరు, అది మోయగలిగింది సుమారు 9 ఆంపియర్లు. అంటే 13 రెట్లు. వేడి కరెంటు వర్గానికి అనులోమం, కాబట్టి 13 ఇంటూ 13, మామూలుకంటే 169 రెట్లు వేడి. సెకన్లలో తొడుగు కరుగుతుంది. దారిలో అన్ని వైర్లలోనూ అదే కరెంటు పోయినా, సన్నగా ఉన్నది ముందు కాలుతుంది. ఫ్యూజు అంటే ఏమిటి? మనం కావాలని పెట్టుకున్న, అన్నిటికంటే బలహీనమైన చోటు. దాన్ని నేను బలంగా చేశాను. అప్పుడు బలహీనమైన చోటు ఫ్యూజు బాక్సులోంచి జరిగి, డాష్‌బోర్డు వెనక, మనుషుల మోకాళ్ల దగ్గరికి వచ్చింది.

క్లిప్పు ఊడటం, తొడుగు అరగడం నా తప్పు కాదు, వయసు. కానీ ఒక చిన్న ఫ్యూజుతో పోవాల్సింది నిప్పుదాకా రావడం మాత్రం నా తప్పు.

మాస్టారు పక్కనే కూర్చుని ఉన్నారు. చెప్పకుండా తీగ జేబులో వేసుకుని వచ్చేయొచ్చు. ఎవరికీ తెలియదు. ఒక్క నిమిషం అలాగే అనుకున్నాను, దాచడం దేనికి. తర్వాత తీగ ఆయన చేతిలో పెట్టి చెప్పాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని దాన్ని ఇటూ అటూ తిప్పి చూశారు. "ఆ రాత్రి వెళ్లకపోతే మీ అమ్మగారికి కష్టమయ్యేదిరా" అన్నారు. కాసేపు ఆగి, "కానీ రేపు అన్నావుగా" అన్నారు. అంతే. ఆ రెండో మాట నేను ఇప్పటికీ మోస్తున్నాను. "అమ్మొద్దు మాస్టారూ, నేను చేస్తాను, కూలి అడక్కండి" అన్నాను.

నాలుగు నెలలు ఆదివారాలు చేశాను. కాలిన ముక్కలకి అతుకులు వేయలేదు. కట్టలో ఒక వైరు ఉడికిందంటే పక్కవి పైకి బాగున్నా లోపల పెళుసెక్కుతాయి. అందుకని డాష్‌బోర్డు వైరింగ్ సెట్టు మొత్తం అవే రంగులతో కొత్తగా కట్టాను. రేపు నేను లేకపోయినా ఇంకొకడికి అర్థం కావాలి కదా. రేకులో ప్రతి రంధ్రానికీ కొత్త రబ్బరు వేశాను. ఆంపియర్ మీటర్ వెనక ఇన్సులేషన్ వాచర్లు కాలిపోయాయి. సెల్ఫ్ కరెంటు తప్ప బండి కరెంటు అంతా ఆ మీటర్‌లోంచే పోతుంది, దాని నట్లు వదులైనా అక్కడ వేడి పుడుతుంది. దాన్ని మార్చాను. బ్యాటరీ పక్కనే బ్రౌన్ వైరుకి ఒక మెయిన్ ఫ్యూజు, షెడ్డులో పెట్టాక కట్ చేసేందుకు ఒక స్విచ్చి కొత్తగా పెట్టాను. ఫ్యాక్టరీవాళ్లు పెట్టనివి ఈ రెండే.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు బ్యాటరీ సూటిగా తగిలించలేదు. మధ్యలో ఒక 21 వాట్ల బల్బు పెట్టాను. ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, కరెంటు రెండు ఆంపియర్లు కూడా దాటదు, ఏదీ కాలదు. బల్బు వెలగలేదు. మాస్టారు ఆ బల్బు ఉపాయం చూసి, "ఇది నేను చెప్పలేదే" అన్నారు. పదో తరగతి రిజల్టు వచ్చిన రోజు కూడా నాకు అంత సంతోషం లేదు.

అంతా అయింది అనుకుంటే మీటర్లు ఇబ్బంది పెట్టాయి. ఆ బండిలో మీటర్ల సెట్టు తర్వాతి మోడల్‌ది, లోపల రెండు లోహాల పత్తీ వేడెక్కి వంగితే ముల్లు కదిలే రకం. పెట్రోల్ మీటర్, హీట్ మీటర్ రెండూ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తున్నాయి. రెండూ కలిసి తప్పు చెప్తే, రెండిటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని అనుమానించాలి. వాటి వెనక ఒక చిన్న రేకు డబ్బా ఉంటుంది, స్టెబిలైజర్. బ్యాటరీ వోల్టేజి ఎలా ఉన్నా అది కరెంటు ఆపుతూ ఇస్తూ మీటర్లకి సగటున 10 వోల్టులు పంపిస్తుంది. అక్కడ టెస్ట్ లాంప్ పెడితే మిణుకుమిణుకుమనాలి. మిణకడం లేదు, నిలకడగా వెలుగుతోంది. స్టెబిలైజర్ పాడైందా? లేదు. దానికి సొంత ఎర్త్ కావాలి, బాడీకి బిగిస్తేనే అందుతుంది. నేను ప్యానెల్‌కి కొత్త రంగు వేయించి, ఆ రంగు మీదే బిగించాను. ఎర్త్ అందక మొత్తం వోల్టేజి మీటర్లకి పోతోంది. స్క్రూ కింద రంగు గీకాను, సరిపోయింది.

తర్వాత పెట్రోల్ మీటర్ ఒక్కటే సున్నా దగ్గర ఆగింది. ఒక్కటే తప్పు చెప్తే దాని దారిలోనే వెతకాలి. ట్యాంకు మీద ఫ్లోట్ దగ్గర వైరు ఊడదీసి, కీ ఆన్ చేయించి, పెట్రోల్ తడి లేని చోట, ట్యాంకుకి దూరంగా, ఒక్క క్షణం బాడీకి తాకించాను. ముల్లు ఫుల్ వైపు కదిలింది. మీటర్ మంచిదే, వైరు మంచిదే, దోషం ఫ్లోట్‌ది. ఎక్కువసేపు తాకించి ఉంచకూడదు, మీటర్ కాలుతుంది. ఫ్లోట్ మార్చాను. కొత్త మీటర్ కోసం ఊళ్లు తిరగక్కర్లేకుండా అయింది.

పోయిన నెల మాస్టారి అబ్బాయి అమెరికా నుంచి వచ్చి ఆ బండిలోనే తండ్రిని బజారుకి తీసుకెళ్లాడు. ఈ ఉదయం మాస్టారు దాన్లోనే ఇక్కడికి వచ్చారు. ఎవరూ తోయలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నేను మీకు కార్ల గురించి సలహా చెప్పడానికి రాలేదు. చేతి పని చేసేవాణ్ని కాబట్టి నా పనిలోంచి ఒక్కటే చెప్తాను. ప్రతి వృత్తిలోనూ "ఇప్పటికి ఇలా కానిద్దాం" అనే రాత్రి ఒకటి వస్తుంది. ఆ రాత్రికి అది తప్పు కాకపోవచ్చు. కానీ "రేపు" అన్నది ఎక్కడైనా రాసి పెట్టుకోండి. నేను ఇప్పుడు ఎవరి బండికైనా తాత్కాలికంగా ఏదన్నా చేస్తే, స్టీరింగ్‌కి ఒక ఎర్ర పీలిక కట్టి పంపిస్తాను. అది నా చేత్తో నేను విప్పేదాకా ఆ పని అయినట్టు కాదు. మా షాపులో ఇది నియమం.

ఇక చివరి మాట. పదో తరగతి క్వార్టర్లీ పరీక్షలో ఓమ్ నియమం రాస్తే మాస్టారు నాకు అయిదుకి మూడే వేశారు. అడిగితే, "'ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు' అన్న షరతు రాయలేదు. అది లేకపోతే నియమమే లేదురా" అన్నారు. రెండు మార్కుల కోసం అంత పట్టింపేమిటని ఇంటికి పోయి ఏడ్చాను. ఆ షరతు ఎందుకో కాలిన వైరు చేత్తో పట్టుకున్నాక తెలిసింది.

మాస్టారూ, మీరు ముందు వరసలోనే ఉన్నారు. కొత్తగా వేసిన ఫ్యూజు రేటింగు ఎంతని పొద్దున కారు దిగుతూ అడిగారు. ఫ్యాక్టరీ వాళ్లు చెప్పినట్టు 35 ఆంపియర్లు. అది పేలే కరెంటు, నిలకడగా మోసేది అందులో సగమే. పచ్చ వైరు కూడా ఈసారి ఫ్యూజు నుంచి మీటర్ల దాకా 2 చదరపు మిల్లీమీటర్లది వేశాను. రెండు స్పేర్ ఫ్యూజులు బాక్సు మూతలోనే పెట్టాను. పాత తీగ మాత్రం మీకు తిరిగి ఇవ్వను. అది మా షాపులో గోడకి మేకు మీద ఉంది. పనిలో చేరిన ప్రతి కుర్రాడికీ మొదటి రోజు అదే చూపిస్తున్నాను.